గుడ్డ కట్టిన నారేపి

కుళ్లాయప్పను ఊళ్లో తిట్టినవాళ్లు లేరు. ఇరవై ఏడేళ్లు అడవి శాఖలో వాచరుగా చేసిన మనిషిని తిట్టని ఊరు ఉందంటే ఆ ఊరు మంచిదైనా కావాలి, ఆ మనిషి మెత్తనివాడైనా కావాలి. ఇక్కడ రెండూ నిజమే. ఆ రెండు మంచితనాల మధ్యనే చెట్టు పోయింది. చెడ్డవాళ్లు చేసిన పనైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు, ఇంత చెప్పుకునే పనుండదు.

ఊరి పేరు సుద్దకుంటపల్లి. పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో బస్సు దిగి కొండ వైపు రెండు మైళ్లు నడవాలి. నూట ఇరవై గడప, శెనక్కాయ చేలు, గొర్రెల మందలు, నడుమ పీర్ల చావిడి. కుళ్లాయప్ప వాళ్లది దూదేకుల ఇల్లు. వాళ్ల నాయన పరుపులకు దూది ఏకుతూ హిందూపురం దాకా తిరిగేవాడు, ఆ పని ఆయనతోనే పోయింది. కుళ్లాయప్ప వయసులో ఉన్నప్పుడు ధర్మవరం పోయి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు గానీ ఆరు నెలలకే లేచి వచ్చేశాడు. గుంతలో ఊపిరాడలేదని చెప్పుకున్నాడు. అసలు సంగతి, ఆయనకు ఒకచోట కూర్చునే గుణం లేదు. కొండెక్కి దిగే పని దొరికితే ఇంకేం కావాలి? ఖాకీ చొక్కా, చేతికర్ర ఇచ్చి నువ్వు వాచరువి, పో అన్నారు. పర్మనెంటు చేస్తామని వచ్చిన ప్రతి ఆఫీసరూ అన్నాడు, ఒక్కడూ చేయలేదు.

అడవి చట్టం పెద్ద పుస్తకమట. కుళ్లాయప్పకు అందులో తెలిసింది ఒక్క ముక్క. పచ్చిదాని మీద గొడ్డలి పడకూడదు, ఎండింది ఎవరైనా ఏరుకోవచ్చు. తెల్లారి ఆడవాళ్లు కొండెక్కి ఎండు కట్టెలు మోపు కట్టుకొని దిగేవాళ్లు. ఇంట్లో నీళ్లు కాగడానికి కొంత, పెనుకొండ హోటళ్లకు కొంత. పచ్చి కొమ్మను కాపాడాలంటే ఎండింది చూపించడమే ఉపాయమని ఆయన లెక్క. "ఆ వంకలో సండ్రమాను పడుండాది, పోండమ్మా" అని తానే దారి చెప్పేవాడు. అలా పాతికేళ్లు. చివరికి కొండ మీద ఎండుటాకు తప్ప ఎండు కొమ్మ కనపడకుండా పోయింది. ఊడ్చిన వాకిలిలా పెట్టుకున్నావయ్యా అడవిని అని ఒక ఆఫీసరు మెచ్చుకుంటే, ఆ రోజు ఇంటికొచ్చి ఆ మాట భార్య ఖాదర్‌బీకి రెండుసార్లు చెప్పాడు.

ఆయన మెత్తదనానికి ఒక కారణం ఉంది. పనిలో చేరిన తొలి ఏడు సుంకప్ప అనే రైతు నాగలి కోసం పచ్చి సండ్ర కొట్టాడు. కొత్త ఖాకీ, కొత్త రోషం. కుళ్లాయప్ప పట్టించి కేసు రాయించాడు. సుంకప్ప తొమ్మిదేళ్లు పెనుకొండ కోర్టుకు తిరిగాడు. వాయిదా ఉన్నప్పుడల్లా పొద్దున్నే తెల్ల పంచె కట్టుకొని కుళ్లాయప్ప ఇంటి ముందు నుంచే నడిచి పోయేవాడు, పల్లెత్తు మాట అనేవాడు కాదు. తీర్పు రాకముందే చనిపోయాడు. మట్టి చేసి వచ్చిన రోజు కుళ్లాయప్ప అన్నం తినలేదు. మళ్లీ ఊరివాళ్ల మీద ఒక్క కేసు రాయించలేదు. తిట్టేవాడు, గొడ్డలి లాక్కునేవాడు, సాయంత్రం ఆ గొడ్డలి తానే వాళ్లింటి అరుగు మీద పెట్టి వచ్చేవాడు.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో యమున వచ్చింది. హిందూపురం పిల్ల, బెంగళూరులో పెంకు పురుగుల మీద చదువుతోంది. ఆఫీసువాళ్లు కుళ్లాయప్పను తోడిచ్చి కొండకు పంపారు. పులి అడిగినవాళ్లను, దుప్పి అడిగినవాళ్లను, ఎర్రచందనం అడిగినవాళ్లను కూడా ఆయన చూశాడు గానీ, ఇలా అడిగినవాళ్లను చూడలేదు.

"పెద్దనాయనా, ఈ కొండమీద చచ్చిపోయిన చెట్లు యాడుండాయి?"

"చచ్చినవి ఏమిటికి పాపా? బతికుండేవి చూపిస్తా రా."

"నాకు చచ్చినవే కావాల."

మూడు రోజులు తిరిగినా చూపించడానికి ఒక్కటి దొరకలేదు. నాలుగో రోజు నీడలో కూర్చుని సంగటి ముద్ద తింటున్నప్పుడు యమున చెప్పింది. కొన్ని పెంకు పురుగులు లావుపాటి ఎండు మానులోనే గుడ్లు పెడతాయి. పిల్ల పురుగు మూడేళ్లో నాలుగేళ్లో ఆ ఎండు కట్టెనే తింటూ లోపల పెరుగుతుంది. రెక్కలొచ్చాక తొలి వానకు బయటికొస్తుంది, నెల్లాళ్లు బతికి, మళ్లీ ఎండు మాను వెతుక్కొని గుడ్లు పెట్టి పోతుంది. ఎండు మాను లేకపోతే ఆ వంశం అక్కడితో సరి. వాటిని తిని బతికే వడ్రంగిపిట్ట కూడా పోతుంది.

కుళ్లాయప్ప ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్లలో తాను దారి చూపించి దించిన మోపులన్నీ కళ్ల ముందు వరసకట్టాయి.

"అయితే అంతా నేనే ఖాళీ చేయించినానా పాపా?"

"మీరొక్కరేనా పెద్దనాయనా. అన్ని అడవుల్లో అదే రూలు. పచ్చిది ముట్టొద్దు, ఎండింది తీస్కపోండి అని."

ఓదార్పుగానే అంది. అందరూ చేసిన తప్పులో తన పాలు చిన్నదని కొందరికి హాయిగా ఉంటుంది, ఈయనకు అలా ఉండదు. వెనక వాలు వైపు ఇంకా తిరగనేలేదని గుర్తొచ్చి, చెయ్యి కడుక్కొని, "రా, ఒకటి ఉండాది" అన్నాడు.

కొండ వెనక వాలులో ఒక నారేపి. ఇద్దరు చేతులు చాపి పట్టుకుంటే గానీ అందని మాను. ఎనిమిదేళ్ల కిందటి కరువులో నిలువునా ఎండింది, పడలేదు. నారేపి కట్టె ఇనుము లాంటిది, ఆడవాళ్ల గొడ్డళ్లు దానిమీద ఎగిరి పడేవి, అందుకే మిగిలింది. దాని మొదట్లో యమునకు ఒక చచ్చిన పురుగు దొరికింది. బొటనవేలంత పొడుగు, నారేపి బెరడులాగే బూడిద రంగు, ఒళ్లు కన్నా పొడుగు మీసాలు. అరచేతిలో పెట్టుకొని తిప్పి తిప్పి చూసింది. ఇలాంటిది ఎక్కడా చూడలేదని, బతికున్నది చూస్తే గానీ పేరు తేల్చలేనని చెప్పింది. తర్వాత మానుకు చెవి ఆనించింది, రమ్మని సైగ చేసింది.

కుళ్లాయప్ప చెవి పెట్టాడు. లోపల కరకరమని చప్పుడు. శెనక్కాయ మూటలో ఎలుక దూరితే వచ్చే చప్పుడు. ఒకచోట కాదు, పైన, కింద, లోతున, చాలాచోట్ల. ఎనిమిదేళ్లుగా చచ్చిందనుకున్న మానులో ఇంత సంసారం నడుస్తోందా అని ఆయనకు ఒళ్లు జలదరించింది. ఆ రోజు నుంచి ఏ వైపు బీటుకు పోయినా, తిరుగు దారిలో ఆ వాలు దిగకుండా ఇంటికి రాలేదు.

యమున ఆఫీసులో తిరిగి తిరిగి, ఆ మాను ముట్టరాదని కాగితం తెచ్చింది. ఇంకో రెండేళ్లలో, ముంగారు తొలివానకు పురుగులు బయటికి రావచ్చని లెక్క వేసింది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది. "ఊళ్లో పురుగుల మాట ఎత్తొద్దు పెద్దనాయనా. ఇట్లాంటివి పట్టి అమ్ముకునేవాళ్లుండారు. ఒక్కరికి తెలిస్తే సాలు, మానును చీలుస్తారు."

సరేనన్నాడు. మాట ఇవ్వడం సులువు. మరుసటి ఏడు ఈరక్క అడ్డం తగిలింది. ఈరక్క మోపుల ఆడవాళ్లకు పెద్ద, నోరు కూడా పెద్దదే. ఆమె కొడుకు మంజు హిందూపురం నుంచి కోత మిషను తెచ్చాడు. దాని ముందు నారేపి ఇనుమైతే ఏం, ఉక్కైతే ఏం?

"ఏమప్పా కుళ్లాయప్పా, వెనక వాలులో నారేపి ఎండి ఎన్నేండ్లయింది? మా గొడ్డళ్లకు తెగలేదని అట్లే పెట్టుకున్నావే? మా మంజు రేపు వస్తాడు, కొట్టుకుంటాం."

పురుగుల మాట చెప్పకూడదు. కాగితం ఉందంటే, ఏమిటికి, ఎవరిచ్చినారు అని పది ప్రశ్నలు. కేసు పెడతానంటే ఆయన నోటికే ఆ మాట రాదు, వచ్చినా ఎవరూ నమ్మరు. నిలబడిన చోటే ఒక ఆలోచన తట్టింది.

"అది పీర్లసామిదమ్మా. ముట్టొద్దు."

ఈరక్క టక్కున నోరు మూసింది. ఆ ఊళ్లో మొహరం పదో రోజున గుండం తొక్కుతారు. చావిడి ముందు గుంత తవ్వి, మొద్దులు వేసి నిప్పు చేసి, పీర్లు ఎత్తుకున్నవాళ్లు ఆ నిప్పుల మీద నడుస్తారు. ఎత్తుకునేవాళ్లలో హిందువులే ఎక్కువ. గుండంలో పెద్ద మొద్దు వేసే హక్కు ఏడు ఇళ్లది, ఏడాదికొక ఇల్లు వంతు. వంతున్న ఇల్లు ముందుగానే ఒక ఎండు మానును చూసి ఆకుపచ్చ గుడ్డ కడుతుంది. గుడ్డ కట్టిన మాను మీద గొడ్డలి కాదు గదా, ఎవరి నీడా తప్పుగా పడదు. వచ్చే ఏడు వంతు ఎటూ తమదే గనక, కుళ్లాయప్ప ఆ సాయంత్రమే గుడ్డ పట్టుకొనిపోయి నారేపికి కట్టేశాడు.

మంత్రం వేసినట్టు పని చేసింది. ఈరక్కే ఆ దారిన పోయేటప్పుడు మానును ముట్టుకొని కళ్లకద్దుకునేది. అది చూసినప్పుడల్లా కుళ్లాయప్పకు లోపల గుచ్చుకునేది. సామి పేరుమీద అబద్ధమాడానే అని. పురుగులకు కూడా ఆయనే సామి గదా అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. ఇన్నేళ్లలో ఒక్క చెట్టును సరిగ్గా కాపాడినాను అనుకున్నాడు పాపం. చట్టం చేయలేని పని గుడ్డపేలిక చేసిందని మురిసిపోయాడు కూడా.

ఈ ఏడు పెద్ద మొద్దు వంతు వాళ్లింటిదే. ఆయనకు ఆ చింత లేదు. చేని గట్టున తుమ్మ గాలికి పడితే, ఎద్దులతో లాగించి ఇంటి వెనక వేసుకున్నాడు. నిక్కమైన చేవ ఉన్న మొద్దు, గుండానికి సరిపోతుంది. ఈ సంగతి ఖాదర్‌బీకి చెప్పాడు. వెంకటప్పకు కూడా చెప్పాల్సింది. వెంకటప్ప గొర్రెల కాపరి, ఇరవై ఏళ్లుగా పెద్ద పీరును ఎత్తుకునేది అతనే, చావిడి పనులన్నీ అతని చేతిమీద నడుస్తాయి. మొహరం మొదట్లో గుండం తవ్వడానికి గుద్దలి పడినాక చెబుదాంలే, ఏం తొందర అనుకున్నాడు.

గుద్దలి పడిన నాలుగో రోజు ఖాదర్‌బీ నీళ్ల బిందెతో వాకిట్లో కూలబడింది. చీరంతా రక్తం. ఏడాదిగా ఉన్న జబ్బును సిగ్గుపడి మొగుడికి కూడా చెప్పలేదు. ఆటోలో పెనుకొండ, అక్కణ్ణుంచి అంబులెన్సులో హిందూపురం ఆసుపత్రి. గర్భసంచి తీసేయాలన్నారు. ఒంట్లో రక్తం లేదు, ముందు రక్తం ఎక్కించాలన్నారు. కుళ్లాయప్పకు ఊరు, కొండ, పండగ అన్నీ వెనక్కి పోయాయి. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆమె ఇంత తెల్లగా కనపడటం ఆయన ఎన్నడూ చూడలేదు. మంచం పక్కన నేలమీద కూర్చుని ఆమె కాలివేళ్లు పట్టుకొనేవాడు, అవి చల్లగా ఉన్నాయా వెచ్చగా ఉన్నాయా అని.

ఏడో రోజు వెంకటప్ప ఫోన్ చేశాడు.

"అన్నా, వదిన ఎట్లుండాది?"

"రేపు ఆపరేషన్ అంటాండారప్పా."

"నువ్వు ఆడ్నే ఉండు. మొద్దు గురించి మనసులో పెట్టుకోవద్దు. నీ వంతు తప్పనిస్తామా? నీ పేరుమీదనే పడ్తాది, మేముండాము."

"సరేప్పా" అన్నాడు కుళ్లాయప్ప. తుమ్మ మొద్దు ఇంటి వెనక అందరి కంటికీ కనపడేట్టే పడి ఉంది. ఇంక చెప్పాల్సిందేముంది? నారేపి ఆ క్షణాన ఆయన తలపులో లేనే లేదు. ఫోన్ జేబులో పెట్టుకొని, సామీ ఈమెను బతికించు అని కళ్లు మూసుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఓబులదేవరచెరువు నుంచి కూతురు సబీనా వచ్చి తల్లి దగ్గర కూర్చుంది. "సామికి మొక్కి రాపో నాయనా, ఒక్క పూట నేను చూసుకుంటా" అని పంపించింది. పదో రోజు మొదటి బస్సెక్కి, పెనుకొండలో మారి, ఊరు చేరేసరికి బాగా పొద్దెక్కింది. గుండం తొక్కడం అయిపోయింది. దూరం నుంచే తప్పెట్లు వినపడుతున్నాయి. ఖాదర్‌బీ బతికిందన్న సంతోషంలో ఆయనకు ఆ తప్పెట్లు తనకోసమే కొడుతున్నట్టు అనిపించింది. ఆసుపత్రి వాసనతో చావిడి దగ్గరికి పోకూడదని, ముందు ఇంటికి పోయి కాళ్లు కడుక్కుందామని ఇంటి వెనక్కి పోయాడు.

తుమ్మ మొద్దు అక్కడే ఉంది. కదిలించిన జాడ లేదు. దాని మీద కోడి పెట్ట కూర్చుని ఉంది.

ఇది ఇక్కడుంటే గుండంలో మండిందేమిటి? ఆ ప్రశ్నకు జవాబు వెంటనే తెలిసిపోయింది గానీ, ఆయన ఒప్పుకోలేదు. ఎవరో ఇంకెవరో మొద్దు ఇచ్చి ఉంటారు, ఇచ్చే ఉంటారు అనుకుంటూ చావిడి దాకా పరుగులాంటి నడక నడిచాడు.

గుండంలో ఇంకా నిప్పు ఎర్రగానే ఉంది. తుమ్మ నిప్పయితే ఈ పాటికి బూడిద పట్టి ఉండాలి. ఒక పక్క సగం కాలిన మొద్దు, దాని బెరడుకు బొటనవేలు పట్టేంత బొక్కలు. వెంకటప్ప ఎదురొచ్చి కావలించుకున్నాడు. ఒళ్లంతా చెమట, బుక్కాపిండి, ముఖం నిండా వెలుగు.

"సామి మొర విన్యాడన్నా! వదినకు బాగయిందంట గదా, సబీనా ఫోన్ జేసింది. నువ్వు గుడ్డ కట్టిన మానే, ఇంగోటి ముట్టలేదు. మంజు మిషను పట్టినాడు. ఇరవై రెండు మందిమి తాళ్లు కట్టి లాగినాము, ట్రాక్టర్లో ఏస్కొచ్చినాము. ఎట్లా మాను జూసినావన్నా! నేను పుట్టినాక ఇట్లాంటి గుండం సూళ్లేదు."

కుళ్లాయప్ప ఆ బొక్కలకేసే చూస్తున్నాడు.

"ఒకటేమంటే, లోపలంతా పురుగు పట్టింది. కోస్తాంటే తెల్లటివి బుడబుడా రాలినాయి. మీసాలు మొలిచినవి గూడా ఉన్న్యాయి, వాన కోసరం కాసుకున్న్యట్ల బొక్కల్లో కూసోని. పిల్లోళ్లు ఏరకపోయి కోళ్లకేసినారు. ఇంగొక ఏడు ఇడ్సిపెట్టింటే మాను సామికి పనికొచ్చేది గాదు. మంచి టైములో కొట్టినాము."

రెక్కలు, మీసాలు వచ్చి, వాన ఒక్కటి పడటమే తరువాయిగా ఉన్న ప్రాణాలు. నాలుగేళ్లు చీకట్లో కొరుక్కుంటూ వచ్చి వాకిలి దాకా వచ్చాయి. ఆ వాన ఇంకా రెండు రోజుల దూరంలో ఉంది. కుళ్లాయప్పకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? ఇరవై రెండు మంది చేతులు తాళ్లకు ఒరుసుకొని పొక్కులెత్తి ఉన్నాయి. ఈరక్క మూడు రోజులు ఒక్కపొద్దు ఉందట, ఖాదర్‌బీ కోసం. ఆయన గుడ్డ కట్టాడు, వాళ్లు ఆ గుడ్డను నమ్మారు, అంతే. విప్పేటప్పుడు కూడా దాన్ని నేలమీద పడనివ్వలేదట, తెచ్చి చావిడి స్తంభానికి కట్టారు.

వెంకటప్ప గుండంలోంచి వేడి బూడిద తీసి ఆయన నుదుట పెట్టాడు. ఇంకాస్త కాగితంలో పొట్లం కట్టి వదినకు పెట్టమన్నాడు. కుళ్లాయప్ప ఆ పొట్లం తీసుకొని హిందూపురం పోయి, నిద్రలో ఉన్న ఖాదర్‌బీ నుదుట రాశాడు. ఆమె కళ్లు తెరిచి నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన బయటికొచ్చి, ఆసుపత్రి గోడ పక్కన కూర్చుని ఏడ్చాడు. ఆమె దక్కినందుకో, అవి పోయినందుకో, ఏ ఏడుపు దేనిదో ఆయనకే తెలియలేదు. ఆ మాను ఇస్తేనే సామి ఈమెను ఇచ్చాడా అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ ఏడ్చాడు.

రెండో రోజు వాన పడింది. ముంగారు తొలివాన, గంటసేపు. తడి ఆరకముందే ఫోన్ మోగింది. యమున పేరు చూసి ఎత్తలేదు. మళ్లీ మోగింది. ఆ పిల్ల ఎంత సంబరంగా చేస్తోందో ఆయనకు తెలుసు. నాలుగోసారికి ఫోన్ ఆపేశాడు.

ఖాదర్‌బీని ఇంటికి తెచ్చుకున్న రోజే ఆఫీసువాళ్లకు విషయం తెలిసింది. ముట్టకూడదని కాగితమున్న మాను కదా, వదిలే పని కాదు. మిషను ఎవరిది, ట్రాక్టర్ ఎవరిది, ఎంతమంది ఉన్నారు, పేర్లు చెప్పు అన్నారు. ఇరవై రెండు మంది. మంజుకు రెండు నెలల్లో పెళ్లి. వెంకటప్ప గొర్రెలను వదిలి కోర్టు మెట్లెక్కాలి, ఎన్నేళ్లో ఎవరికి తెలుసు. కుళ్లాయప్ప కళ్ల ముందు సుంకప్ప తెల్ల పంచె కదిలింది.

"ఎవురూ గాదు సార్. గుడ్డ కట్టింది నేను, వంతు నాది. నేనే కొట్టిచ్చినా. కూలోళ్లు బయటోళ్లు, పేర్లు తెల్దు."

ఆసుపత్రిలో ఉన్నవాడివి ఎట్లా కొట్టించావయ్యా అని ఒక్కరూ అడగలేదు. ఒప్పుకున్నవాడు దొరికితే ఆ ప్రశ్న ఎవరికీ అవసరం లేదు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఖాకీ చొక్కా ఇచ్చేయమన్నారు. ఖాదర్‌బీ లేవలేని మనిషి, మంచం మీద నుంచే, "ఎందుకట్ల చెప్పినావు, నువ్వు చేసింది గాదే" అని ఏడ్చింది. "చేసింది నేనేలే" అన్నాడు. ఆ మాటలో అబద్ధమెంతో నిజమెంతో ఆయన కూడా విడదీయలేడు. యమునకైనా నిజం చెప్పుకుందామా అని ఆ వారమంతా నలిగాడు. ఆ పిల్ల చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాసే మనిషి. ఆమెకు చెబితే కాగితం మీదికి ఎక్కుతుంది, ఎక్కితే ఇరవై రెండు మంది.

ఆదివారం ఆమే వచ్చింది, ఆఫీసరుతో పాటు జీపులో. కుళ్లాయప్పను పిలిపించి కొండ వెనక వాలుకు తీసుకుపోయారు. మాను ఉన్నచోట మొదలు మిగిలింది, వెడల్పు మంచమంత. చుట్టూ రంపపు పొట్టు, వానకు తడిసి ఎర్రటి పేడలా ఉంది. కింద వాలులో వెంకటప్ప గొర్రెలు మేపుకుంటూ, వీళ్లను చూసి, దూరం నుంచే చెయ్యెత్తి పలకరించాడు.

"గుడ్డ కట్టింది మీరేనా పెద్దనాయనా? ఎవురో మొక్కుకు కట్టింటారు అనుకుంటి."

"నేనే పాపా."

"ఎప్పుడు?"

"పోయిన ఏడు."

ఆమె లెక్క వేసుకుంది. పోయిన ఏడు కట్టాడంటే, ఆ తర్వాత ఎన్నిసార్లు ఇద్దరూ ఇక్కడ నిలబడ్డారు, ఎన్నిసార్లు రెండు చెవులూ ఒకే మానుకు ఆనించారు.

"లోపల ఏమున్న్యాయో మీకు తెలుసు. తెల్సి గూడా ఇచ్చినారా?"

ఆఫీసరు పక్కనే ఉన్నాడు, పెన్ను చేతిలో ఉంది. కుళ్లాయప్ప కింద వాలుకేసి ఒకసారి చూశాడు.

"మా వంతు పాపా. ఇంట్లో ఆమెకు బాగల్యాక మొక్కుకున్న్యా."

ఆమె నమ్మలేదు. తల అడ్డంగా ఊపుతూ ఆయన ముఖంలో ఏదో వెతుకుతూ నిలబడింది. ఇంకొంచెం సేపు అలా చూస్తే దొరికిపోతాడు. అందుకని కుళ్లాయప్ప, సుంకప్ప తర్వాత ఎవరినీ నొప్పించని మనిషి, ఆ పిల్లను నొప్పించే మాట వెతికి మరీ అన్నాడు.

"పురుగులే గదమ్మా. మనిషి కంటే ఎక్కువా?"

యమున ఆయన ముఖంలో వెతకడం ఆపేసింది. మొదలు పక్కన కూర్చుని, తడి పొట్టు గుప్పిట్లోకి తీసుకొని, వేళ్లతో చిదిమి చిదిమి చూసింది, ఒక్కటైనా మిగిలిందేమోనని. రెక్క ముక్క ఒకటి దొరికింది. దాన్ని చూసి ఆ పిల్ల చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు పంచుకోగలిగిన మనిషి ఆ కొండ మొత్తానికి ఒక్కడే, ఆయన ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. కానీ కొట్టించినవాడు ఏడవకూడదు గదా. ఏడిస్తే ఆఫీసరు అనుమానిస్తాడు. చేతులు వెనక్కి కట్టుకొని, వాన మళ్లీ వస్తుందా రాదా అని చూసేవాడిలా ఆకాశంకేసి చూస్తూ, ఆమె ఏడుపు అయ్యేదాకా అలాగే ఉన్నాడు.

ముగ్గురూ కొండ దిగారు. ఎప్పుడొచ్చినా జీపెక్కే ముందు ఆ పిల్ల పోయొస్తా పెద్దనాయనా అని చెప్పి పోయేది. ఆ రోజు ఆయన వైపు తిరగకుండానే ఎక్కి కూర్చుంది. జీపు ఊరి మలుపు దాటి, దుమ్ము అణిగినాక, కుళ్లాయప్ప దారిలో ఒక్కడే నిలబడి, "పోయిరా పాపా" అన్నాడు.